పప్పుకు సప్పుడు

గిన్నె మూత మీద అరచెయ్యి ఆనించి, పప్పు ఎంతవరకు ఉడికిందో చూసుకుంటున్నది ఐలవ్వ. మూత ఎడతెగకుండా వణికితే లోపల నీళ్ళు ఇంకా పలుచగా ఉన్నట్టు. వణుకు బరువెక్కి, ఆగి ఆగి వస్తుంటే పప్పు మెదిగినట్టు. బయట తెలతెలవారుతున్నది. రోడ్డుకు అవతల బొగ్గుబాయి కూత వేసింది. గోడకున్న రేకు డబ్బాలు సన్నగా గలగలలాడి ఊరుకున్నాయి.

బెల్లంపల్లిలో సర్దార్ మియా హోటలంటే నాలుగు బెంచీలు, రేకుల కప్పు, వెనుక పొగచూరిన వంటకొట్టు. గుమ్మం మీద నిజాం కాలపు బోర్డే ఇంకా ఉంది; ఉర్దూ అక్షరాలు సగం రాలిపోయినా ఎవరూ చదివి రారు గనుక ఆయన మార్చలేదు. వచ్చేవాళ్ళంతా బాయి మనుషులు. ముక్కుల నిండా బొగ్గుదుమ్ము, కళ్ళకు కాటుక పెట్టినట్టు నలుపు. వాళ్ళకు అన్నం పెట్టడమంటే మాటలు కాదని ఐలవ్వ ఎప్పుడో తెలుసుకుంది. అదే చారు ఎర్ర గిన్నెలో పోస్తే ఘాటుగా ఉందంటారు, తెల్ల గిన్నెలో పోస్తే నీళ్ళంటారు. నిన్నటి రొట్టెను పెనం మీద కరకరలాడేట్టు కాల్చిస్తే ఇప్పుడే చేసినట్టుందని మెచ్చుకుంటారు.

ఆమెకు నలభై దాటాయి. పొట్టి మనిషి, బిగించి కట్టిన కొంగు, ముంజేతుల మీద నూనె చిందిన చిన్న చిన్న మచ్చలు. మగడు పోయాక కొంతకాలం బొగ్గులో బండలేరే పనికి పోయింది. ఆ పనిలో ఎవరూ ఆమెను పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు. సర్దార్ మియా భార్య షహర్ బానో ఏదో పెండ్లిలో ఆమె వండిన పప్పు తిని, తీసుకొచ్చి ఈ పొయ్యి ముందు కూర్చోబెట్టింది. అప్పటినుంచి బాయి మీద "ఐలవ్వ పప్పు" అనే మాట పుట్టింది.

పోయిన వానకాలం జ్వరం వచ్చింది. లేచిన రోజు ఎల్లిగడ్డ పాయ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టుకుంటే తడి రాయిని వాసన చూసినట్టుంది. ఉప్పు తెలుస్తున్నది, పులుపు తెలుస్తున్నది, కారం నాలుకను కొరుకుతున్నది. వాటన్నిటినీ కలిపి కూర చేసే వాసన మాత్రం ఎటో పోయింది. మళ్ళీ వస్తుందని ఎదురుచూసింది. రాలేదు. ఎవరికీ చెప్పలేదు. ముక్కు పోయిన వంటమనిషిని ఎవరు పెట్టుకుంటారు?

"చెల్లే! చాయ్!"

మొండయ్య కేక. బొగ్గు గోడకు మందు పెట్టి పేల్చే పనిలో ఆయన చెవులు దాదాపు పోయాయి. తన గొంతు తనకే వినపడదు గనుక మెల్లగా మాట్లాడినా వాడ మొత్తం వింటుంది. పెద్ద ముక్కు, తెల్లబడ్డ మీసం. తాను జ్వరం నుంచి లేచిన కొత్తలో, ఆయనకు పొగ పడదని తెలిసినా, ఐలవ్వే పొయ్యి పక్కన పీట వేసింది. "ఈడ వెచ్చగుంటది అన్నా" అన్నది. అసలు సంగతి వేరు. ఎల్లిగడ్డ సరిగ్గా వేగినప్పుడు మొండయ్య ముక్కుపుటాలు కొద్దిగా విచ్చుకుంటాయి. మాడబోతుంటే కనుబొమలు దగ్గరికొస్తాయి. ఆమె మూకుడును చూడకుండా ఆయన మొహం చూస్తూ వండేది. ఆయన లేని పూట భయం. మాడుతుందేమోనని నూనె కాగకముందే పోపు దించేసేది.

ఈ రోజుతో మొండయ్య నౌకరీ ముగుస్తుంది. సాయంత్రం రైలెక్కి మంచిర్యాలలో దిగి, గోదారి దాటి, ధర్మపురి దగ్గరున్న తన ఊరికి పోతాడు.

"రేపటిసంది ఎవ్వలమీద ఒర్రుతవే అన్నా?" అని చేతులు ఊపుతూ అడిగింది.

"ఎడ్లమీద!" అన్నాడు మొండయ్య. "అవి నాకు జవాబియ్యయి, నేను ఇన్నట్టు నటించే పని లేదు!"

ఆమె నవ్వింది. ఆయన చాయ్ తాగి బాయికి పోయాడు. ఖాళీ అయిన పీట వంక చూస్తూ ఉండగా సర్దార్ మియా లోపలికి వచ్చాడు. సన్నటి మనిషి, కోపం వస్తే గడ్డం నిమురుకుంటూ మాట్లాడతాడు.

"ఐలవ్వా, బురా మత్ మాన్, మనసుల వెట్టుకోకు. దినాం ఒకలు కాకుంటె ఒకలు అంటున్నరు, పప్పు పస లేదని. ఆసిఫాబాద్‌ల మా చెల్లె కొడుకు వాహెద్ ఖాళీగున్నడు. పొయ్యి ఆనికిద్దామని సోంచాయిస్తున్న. ఇయ్యాల గూడ షికాయతొస్తె మాత్రం..."

మాట పూర్తి చేయలేదు. చేయవలసిన పని కూడా లేదు. "మంచిది సేటూ" అన్నది ఐలవ్వ. బండలేరే చోటు ఆమె కళ్ళ ముందు కదిలింది. ఎండలో ఒంగిన వీపులు, పేర్లు లేని మనుషులు.

మధ్యాహ్నం పప్పుకు పోపు పెట్టేటప్పుడు పక్కన పీట ఖాళీగానే ఉంది. ఆవాలు రెండు మూడు చిట్లగానే దించేసి గిన్నెలో పోసింది. పోపు చడీచప్పుడు లేకుండా పప్పులోకి జారిపోయింది.

మొదటి షిఫ్టు దిగింది. మొండయ్యను నడుమ పెట్టుకుని నల్లటి మనుషులంతా బెంచీల మీద కూర్చున్నారు. ఆఖరి దినం గనుక ఆయనను పీట దగ్గరికి పోనివ్వలేదు. ఐలవ్వ వడ్డించి వెనక్కి తిరిగేలోపే, ట్రాలీ పని చేసే పోశం నోట్లో ముద్ద పెట్టుకుని మొహం ముడుచుకున్నాడు. గల్లా దగ్గర సర్దార్ మియా తలెత్తాడు.

"ఏందే అక్కా, ఇయ్యాల పప్పు సప్పగున్నది?" అన్నాడు పోశం.

మొండయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏందిరా?"

"సప్పగున్నది మామా, సప్పగ!"

"సప్పుడున్నదా? పప్పుకు సప్పుడేందిరో? నీతోని గిట్ల ముచ్చట పెడుతున్నదా?"

బెంచీలన్నీ ఘొల్లుమన్నాయి. పోశం నెత్తి కొట్టుకున్నాడు. "సప్పుడు కాదే మామా! నీ చెవులల్ల బాంబులు పడ!"

"అవ్, సప్పుడు లేకుంటె ఏం బాగుంటది?" అన్నాడు మొండయ్య, తాను సరిగ్గానే విన్నానన్న ధీమాతో. "పప్పన్నంక సప్పుడుండాలె!"

అందరూ నవ్వుతూనే ఉన్నారు. ఐలవ్వ మాత్రం చేతిలో గంటెతో అక్కడే నిలబడిపోయింది. నిజమే కదా. ఇందాక పోపు చప్పుడే చేయలేదు. జ్వరం నుంచి లేచాక అసలు పోపు చప్పుడు తాను పూర్తిగా విన్నదెప్పుడు? మాడుతుందన్న భయం మొదలైతే చెవులు కూడా మూసుకుపోయేవి. కళ్ళేమో ఇంకొకరి ముక్కు మీద.

"జర ఆగుండ్రి" అని కొట్టులోకి పోయింది.

మూకుడులో నూనె పోసి, ఈసారి దించకుండా కూర్చున్నది. ఆవాలు ముందు రేకుల మీద తొలి చినుకుల్లా ఒకటొకటి, తర్వాత జడివానగా, తర్వాత మళ్ళీ ఒకటొకటి. ఎల్లిగడ్డ వేసింది. తడిగా బుసబుసలాడింది. తడి తగ్గేకొద్దీ ఆ బుస సన్నబడి, గొంతు మారి, ఎండుటాకు మీద వేలితో రాసినట్టయింది. ఇక్కడే, అనుకున్నది. అప్పుడు కల్యమాకు వేసింది. ఆవిరి మొహాన కొట్టింది. వేగిన ఎల్లిగడ్డ వాసన వచ్చినట్టే అనిపించింది. ముక్కుకు వచ్చిందో, చెవి గుర్తుచేసిందో ఆమెకు తెలియలేదు. తెలుసుకునే తీరిక కూడా లేదు.

మూకుడును గుడ్డతో పట్టుకుని బయటికే తెచ్చింది. పప్పు గిన్నె బెంచీల నడుమ పెట్టించి, అందరి ముందూ గుమ్మరించింది.

సుయ్‌య్‌మన్నది పప్పు.

తలలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి. దుమ్ము నిండిన ముక్కులు పైకి లేచాయి. ఏమీ వినపడని మొండయ్య కూడా, పక్కవాళ్ళను చూసో, ఎగిసిన ఆవిరిని చూసో, కళ్ళు పెద్దవి చేశాడు. ఐలవ్వ మళ్ళీ వడ్డించింది. ఉప్పు వేయలేదు, కారం వేయలేదు. పోశం ఒక ముద్ద తిన్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు.

"గిప్పుడు కమ్మగున్నదే అక్కా."

కమ్మగ. నిద్రనూ అంటారు, పాటనూ అంటారు, పప్పునూ అంటారు. ఆ మాట ఒక్క ముక్కుదే అనుకుని ఇన్నాళ్ళు కుమిలింది తను.

సర్దార్ మియా గల్లా వదిలి వచ్చి, తానూ ఒక పళ్ళెం పెట్టించుకుని తింటున్నాడు. గడ్డం మీద చెయ్యి పోలేదు.

రైలు వేళయింది. మొండయ్య లేచి, చేతులు కడుక్కుని, రేకు పెట్టె చంకన పెట్టుకున్నాడు. ఐలవ్వ దగ్గరికొచ్చి, అటూ ఇటూ చూసి, ఆమె చెవి దగ్గరికి వంగి రహస్యంగా చెప్పాడు. అంటే, హోటలంతా అదిరిపోయేట్టు చెప్పాడు.

"చెల్లే! నీ ముక్కు పనిచేస్తలేదని నాకు ఎన్నడో ఎరికె! నా మొకం జూసి వండుతవని గూడ ఎరికె! అందుకే పొగల కూసున్న! ఎవ్వలికి చెప్పలే, ఫికర్ జెయ్యకు!"

ముద్దలు నోటి దగ్గర ఆగిపోయాయి. ఐలవ్వ గంటెను గిన్నెలోనే వదిలేసింది. రహస్యం కాపాడిన తృప్తితో మొండయ్య ఒక్కడే నవ్వుతున్నాడు.

సర్దార్ మియా పళ్ళెంలోకి చూశాడు. ఐలవ్వ వైపు చూశాడు. పళ్ళెంలో మిగిలిన పప్పును వేలితో ఊడ్చి నాకాడు.

"ముక్కు లేకుండనే గిట్ల చేసినవా?" అన్నాడు చివరికి. "వాహెద్ రానీ. చాయ్ కాడ నిలవెడ్త. పొయ్యి నీదే. గాని పోపు దినాం గీడనే ఎయ్యి, మంది ముంగట."

ఐలవ్వ కొంగుతో మొహం తుడుచుకున్నది. పోశం మొండయ్య పెట్టె అందుకున్నాడు. "పద మామా, నీ రహస్యాలు రైల్ల చెప్పకు, ఇంజను బెదురుతది" అన్నాడు. మొండయ్యకు వినపడలేదు. గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి, ముక్కు మీద వేలు పెట్టి చూపించి, బోర్డు కిందనుంచి వంగి వెళ్ళిపోయాడు. కొంతసేపటికి రైలు కూత వినిపించింది. ఐలవ్వ అది పూర్తిగా ఆగేదాకా విన్నది.

తర్వాత బెంచీ మీద ఆయన తిన్న పళ్ళెం తీయబోయింది. పళ్ళెం పక్కన, మందు పేల్చేటప్పుడు చెవుల్లో పెట్టుకునే రెండు దూది ఉండలు, ఇక పని లేదని తీసి పెట్టినవి, బొగ్గుకు నల్లబడి, ఆయన చెవుల ఆకారంలోనే ఉన్నాయి.