ఒక్కరే ఉన్న క్లాసు

మాస్టారు రోజూ హాజరు పిలిచేవాడు. క్లాసులో ఉన్నది ఒకే ఒక్క అమ్మాయి. అయినా ఆయన తలెత్తకుండా నంబరు చదవడం, ఆమె లేచి "ఉన్నాను సార్" అనడం, ఆయన టిక్కు పెట్టి రిజిస్టరు మూయడం, అంతా పద్ధతిగా జరిగేది. ఒకరోజు ఆమె నవ్వాగక "ఇంకా ఎవరైనా రావాలా సార్?" అని అడిగింది. ఆయన ఖాళీ బల్లల వైపు చూసి, "వచ్చినవాళ్ళతో మొదలుపెడదాం" అన్నాడు. ఆ మాటకి పక్కవాళ్ళతో కలిసి పగలబడి నవ్వాలి. పక్కన ఎవరున్నారు గనక.

ఈ గతి పట్టడానికి కారణం ఆమె వదిన. వదినంటే అన్న భార్య కాదు, మేనత్త కూతురు. ఈమెకంటే నాలుగు నెలలు పెద్ద. ఆ నాలుగు నెలల పెద్దరికాన్నీ చిన్నప్పటినుంచీ చుక్క వృథా కాకుండా వాడుకున్న మనిషి. ఏ జడ వేసుకోవాలో, ఏ బెంచీలో కూర్చోవాలో అన్నీ ఆవిడే చెప్పేది. "మరదలా" అని ఒక్క కేక వేస్తే ఈమె చేతిలో పని వదిలేసి పరిగెత్తేది. మనమూ ఈమెను మరదలనే అనుకుందాం.

కాలేజీలో చేరేటప్పుడు, మనిషి మాటను గుర్తుపట్టే యంత్రాల సంగతి ఎక్కడో విని, చదివితే అదే చదవాలని మంకుపట్టు పట్టింది వదినే. అందరూ చదివే మామూలు కంప్యూటర్ సైన్సులో అన్నీ కొంచెం కొంచెం చెబుతారు. ఈ కోర్సులో మొదటినుంచీ గొంతు, మాట, వాటిని కంప్యూటరుకు ఎక్కించడం, ఇదే లోకం. మరదలికి ఆ పిచ్చేమీ లేదు. వదిన ఎక్కడుంటే తానూ అక్కడ, అంతే. తీరా మరదలు చేరిపోయాక మామయ్య అడ్డం తిరిగాడు. "జనరల్ అయితే ఏ ఉద్యోగానికైనా పనికొస్తుంది. ఇందులో చేరి ఒక్క గుమ్మం ముందే పడిగాపులు పడతావా?" అని కూతుర్ని మామూలు కోర్సులో పెట్టాడు. చేరిన మిగతా ఇద్దరూ కూడా మెల్లగా అటే జారుకున్నారు. మరదలు తేరుకునేసరికి అడ్మిషన్లు ముగిసిపోయాయి.

మొదటి సెమిస్టరు అయ్యాక కోర్సు మారడానికి కాలేజీ ఒక్క అవకాశం ఇస్తుంది. ఆ గడువు శుక్రవారంతో ఆఖరు. మరదలు ఇంటికి ఫోన్ చేసింది. లిఫ్టులు రిపేరు చేసే నాన్న, "నాకు పైకీ కిందకీ తప్ప పక్కదారులు తెలీవమ్మా, నీ ఇష్టం" అన్నాడు. అమ్మ కాసేపు ముక్కు చీది, "ఒక్కదానివీ ఎలా ఉంటున్నావే" అని, ఆవిడా చివరికి నీ ఇష్టమే అంది. వాళ్ళంటే సరే. వదిన కూడా, "నీ ఇష్టమే మరదలా, బాగా ఆలోచించుకో" అని ఊరుకుంది. రిబ్బను రంగు కూడా ఎంచుకోనివ్వని మనిషి, ఇప్పుడు ఇంత పెద్ద విషయంలో చేతులు దులుపుకుంది. మరదలికి ఒళ్ళు మండింది. ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌కి వెళ్తే, వదిన పెద్ద గుంపు మధ్య కూర్చుని నవ్వుతూ కనిపించింది. మరదలు టీ తాగకుండానే బయటికి వచ్చేసింది.

ఆ వారమే ల్యాబులో ఒక పని పడింది. తోటి విద్యార్థుల్లో పదిమంది గొంతులు రికార్డు చేసి, ఎవరు ఎవరో కంప్యూటరు చేత చెప్పించాలి. సిలబస్ రాసిన మహానుభావుడు ఇలాంటి క్లాసు ఉంటుందని కలలో కూడా అనుకుని ఉండడు. ఎవర్నీ అడగడానికి మొహం చెల్లక మరదలు తానే పది రకాలుగా మాట్లాడింది. ముక్కు మూసుకుని, ముసలమ్మలా వణుకుతూ, ఎవరిమీదో అరుస్తూ. కంప్యూటరు అన్నీ విని, మాట్లాడింది ఒక్కరే అని తేల్చింది. అది సరిగ్గా పనిచేసినందుకు ఆమె సంతోషించాలి. బల్లమీద తల పెట్టి ఏడ్చింది.

ఏడుపు తీరాక ఫోనులో అమ్మ పంపిన పాత వాయిస్ మెసేజీలు గుర్తొచ్చాయి. వాటిని ఎక్కించి చూసింది. అమ్మ మామూలుగా "తిన్నావా" అన్నప్పుడు తెరమీద గొంతును చూపే గీత చివర మెల్లగా పైకి లేస్తోంది. కోపంలో అన్నప్పుడు మొదట్లోనే ఎగిరి పడుతోంది. అదే మాట, అదే మనిషి. ఎందుకలా అని చూస్తూ కూర్చుంది. మళ్ళీ తలెత్తేసరికి ల్యాబులో ఆమె బల్ల దగ్గర తప్ప లైట్లన్నీ ఆర్పేసి ఉన్నాయి.

శుక్రవారం మాస్టారు ఆమె కోర్సు మార్పు దరఖాస్తు మీద మారు మాట్లాడకుండా సంతకం పెట్టాడు.

"నేను వెళ్తే ఈ కోర్సు ఏమవుతుంది సార్?"

"మూసేస్తారు. నాకు జనరల్‌లో క్లాసులిస్తారు. అది నా గొడవ, నువ్వు నెత్తిన పెట్టుకోకు."

ఆఫీసు కిటికీ దగ్గర ఆమె వంతు వచ్చింది. ఇంకా మూడున్నరేళ్ళు ఆ ఖాళీ బల్లల మధ్య అనుకుంటే భయమేసింది. అటు వెళ్తే మాత్రం ఎవరికోసం? రమ్మని ఒక్కమాట అనని వదిన కోసమా? అదీగాక అమ్మ గొంతు అలా ఎందుకు ఎగిరిందో ఆమెకింకా అంతుచిక్కలేదు. జనరల్‌లో చేరితే ఆ సంగతి ఆఖరి ఏడాది దాకా ఎవరూ ఎత్తరు.

"ఇస్తావా, లేదా?" అన్నాడు గుమాస్తా.

"లేదండీ" అంది.

బయట మెట్లమీద వదిన కూర్చుని ఉంది.

"ఇచ్చేశావా?"

"లేదు. ఇక్కడే ఉండిపోతున్నాను."

వదిన "మంచిది" అంది. పక్కనున్న బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నీకేంలే, నీకు బోలెడుమంది ఉన్నారు" అంది మరదలు, ఇన్నాళ్ళ ఉక్రోషమంతా కక్కేస్తూ.

"ఎవరు, క్యాంటీన్‌లో వాళ్ళా? వాళ్ళు నవ్వితే నేనూ నవ్వుతాను. సగం మందికి నా పేరు కూడా తెలీదు. నువ్వొస్తావేమోనని వారం నుంచీ పక్క సీట్లో బ్యాగు పెడుతున్నాను. నిన్న ఎవరో తియ్యమంటే, మా మరదలు వస్తుందని దెబ్బలాడాను."

"ఒక్కమాట అంటే వచ్చేదాన్ని కదా వదినా."

"తెలుసు. అందుకే అనలేదు. ఒకసారి నా మాట విని చేరావు, నేను నిన్ను వదిలేసి పోయాను. మళ్ళీ నాకోసం రమ్మని ఏ మొహం పెట్టుకుని అడగను?"

మరదలు ఆమె పక్కన కూర్చుంది. దరఖాస్తు ఇంకా చేతిలోనే ఉంది. వెనక గుమాస్తా కిటికీ తలుపులు దగ్గరికి లాగుతున్న చప్పుడైంది. ఇద్దరూ ఒకేసారి తిరిగి చూశారు. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.