సూది తీయొద్దు

చిట్టి పట్టుబట్టి కూర్చున్న పని ఆ రోజు పొద్దున్నే పూర్తయింది. అదే కొంప ముంచింది.

ముందు ఆ పనేమిటో చెప్పాలి. చిట్టి పనిచేసే చోట పసిపిల్లల కోసం ఒక బిళ్ళ తయారుచేస్తారు. చొక్కా బొత్తానికి నాలుగింతలుంటుందేమో, అంతే. బిడ్డ పొట్ట దగ్గర బట్టకి తగిలిస్తే ఊపిరి కదలికను కనిపెడుతూ ఉంటుంది. ఊపిరి ఆగిందా, ఇల్లు అదిరేలా మోగుతుంది. తల్లి పరుగెత్తుకొచ్చి అరికాలి మీద తడితే బిడ్డ మళ్ళీ ఊపిరి అందుకుంటుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు నిద్రలో ఒక్కోసారి ఊపిరి తీయడం మర్చిపోతారు మరి. చిట్టి అక్కకూతురు అలాంటిదే. పుట్టినప్పుడు పిడికెడంత ఉంది. బిళ్ళ ఇంకా అమ్మకానికి రాలేదు, పరీక్ష కోసం కొన్ని ఇళ్ళకి ఇచ్చారు. వాటిలో ఒకటి చిట్టి స్వయంగా తీసుకెళ్ళి అక్క చేతిలో పెట్టింది. ఈ వారంలోనే రెండుసార్లు మోగింది. రెండుసార్లూ పాప బతికి బట్టకట్టింది. ఇక అక్కకి ఆ బిళ్ళంటే దేవుడికన్నా గురి.

బిళ్ళలోని చిప్పు ఏం చేస్తోందో చూడాలంటే డీబగ్గర్ కావాలి. కంప్యూటర్‌కి ఒక చిన్న డబ్బా, ఆ డబ్బాకి ఒక తీగ, తీగ చివర సన్నని ముళ్ళు. ఆ ముళ్ళు బిళ్ళ మీద గుచ్చితే లోపలి గుట్టంతా తెర మీదికొస్తుంది. ల్యాబ్‌లో అందరూ దాన్ని సూది అంటారు. ల్యాబ్‌కి పెద్దాయన ఒకాయన ఉన్నాడు, బిళ్ళలోని ప్రోగ్రాం మొదటి అక్షరం నుంచి ఆయన రాసిందే. ఆయన నోట ఎప్పుడూ ఒకటే మాట: "సూది తీయొద్దు." పాత సాఫ్ట్‌వేర్ మహా పెంకిది, ఒకసారి ఊడితే మళ్ళీ అతుక్కోవడానికి కాళ్ళావేళ్ళా పడాలి. అందుకని పరీక్ష బల్ల మీదున్న బిళ్ళలన్నీ ఎప్పుడు చూసినా సూదులు గుచ్చుకునే ఉండేవి. తీసినవాళ్ళకి అక్షింతలే.

ఈమధ్య ఆఫీసులో కంప్యూటర్లు మార్చారు. కొత్తవి పల్చగా, చప్పుడు లేకుండా, ముద్దొచ్చేలా ఉన్నాయి. లోపల ఆర్మ్ అనే కొత్త రకం ప్రాసెసర్. పాత డీబగ్గర్‌ని పాత రకం ప్రాసెసర్ల కోసం చేశారు కాబట్టి కొత్తవాటి మీద అది మొరాయించింది. చేసినవాళ్ళని అడిగితే "చూస్తున్నాం" అన్నారు. ఏం చూస్తున్నారో, ఎటు చూస్తున్నారో! తమాషా ఏమిటంటే బిళ్ళలో ఉన్నదీ ఆర్మ్ చిప్పే. అటూ ఇటూ ఒకే వంశం, మధ్యనున్న పెళ్ళిళ్ళ పేరయ్యకే మాట రావడం లేదు.

చిట్టి ఊరుకునే రకం కాదు. ఎవరో పుణ్యాత్ములు ఉచితంగా పంచిపెట్టిన డీబగ్గర్ కోడు తెచ్చుకుని, కొత్త కంప్యూటర్‌కి తగ్గట్టు తనే కంపైల్ చేసుకుంది. యూఎస్‌బీ లైబ్రరీ, అంటే డబ్బాతో మాటలు కలిపే కోడు, కుదరలేదు, మెడలు వంచి కుదిర్చింది. డబ్బా కనిపించలేదు, అనుమతులు సవరించింది. డబ్బా కనిపించింది గానీ చిప్పు పలకలేదు. తీగ వేగం తగ్గించి చూసింది, పలికింది. తెర మీద చిప్పు తన పేరు చెప్పుకోగానే చిట్టి కుర్చీలోంచి ఒక్క గంతేసింది.

"సార్! పలికింది సార్!"

పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి వచ్చాడు. "శభాష్ తల్లీ! నీ మొండితనం ముందు ఏ యంత్రమైనా దిగి రావాల్సిందే. ఏదీ, తిత్తి ఆపి చూపించు."

తిత్తి అంటే పరీక్ష బల్ల మీదుండే రబ్బరు సంచి. చిన్న మోటారు దాన్ని బిడ్డ పొట్టలాగా పైకీ కిందికీ ఊపుతూ ఉంటుంది. మోటారు ఆపితే తిత్తి మీదున్న బిళ్ళ మోగాలి. చిట్టి కొత్త ఏర్పాటు కదా అని బిళ్ళలో కొత్త బ్యాటరీ వేసి, తిత్తి మీద పెట్టి, కాసేపాగి మోటారు ఆపింది.

బిళ్ళ మోగలేదు. సూది వైపు నుంచి కదిపి చూసినా చిప్పు ఉలకలేదు, పలకలేదు.

"నీ డీబగ్గర్ ఏదో కెలికింది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రంలా అంత కోడు ఎక్కించావు, ఎక్కడ తప్పుందో ఏమో" అన్నాడు పెద్దాయన.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది సార్ మీ మాట" అని చిట్టి నవ్వేసింది గానీ, లోపల తనకీ అదే అనుమానం. మధ్యాహ్నం దాకా తన కోడునే ముందునుంచీ వెనకనుంచీ చదివింది. తప్పు కనబడలేదు. విసుగెత్తి సూది పీకేసింది. అసలు సూదే లేకపోతే బిళ్ళ ఏం చేస్తుందో చూద్దామని బ్యాటరీ తీసి మళ్ళీ వేసి, తిత్తి మీద పెట్టి, మోటారు ఆపింది.

అప్పుడూ మోగలేదు.

ఇప్పుడు డీబగ్గర్ లేదు, తీగ లేదు, తప్పు మోయడానికి ఎవరూ లేరు. బిళ్ళ ఒక్కటే ఉంది, ఇళ్ళలో పిల్లల పొట్టల మీద ఉన్నట్టే ఉంది. పైన ఆకుపచ్చ లైటు మాత్రం బుద్ధిగా వెలుగుతోంది. దానికి వేరే చిన్న చిప్పు.

మూలన ఇంకా పారేయని పాత కంప్యూటర్ ఒకటుంది. చిట్టి దాన్ని ఆన్ చేసి, పాత సాఫ్ట్‌వేర్‌తో సూది గుచ్చింది. తిత్తి ఆపగానే బిళ్ళ గయ్యిమంది. సూది తీసేసి మళ్ళీ ఆపింది, మళ్ళీ గయ్యిమంది. బ్యాటరీ తీసి వేసి ఆపింది, నోరు మూసుకుంది. పెద్దాయన వచ్చి వెనక నిలబడ్డాడు. ఆయన కళ్ళ ముందు ఇంకోసారి చేసింది.

తర్వాత చిప్పు పుస్తకం తిరగేస్తే సంగతి తేలింది. చిప్పులో ఒక మూల మీట లాంటిదొకటి ఉంటుంది. అది వేసి ఉంటే చిప్పు నిద్రపోయినట్టు నటిస్తుందే తప్ప లోపలి గడియారం ఆగదు. పాత డీబగ్గర్ అతుక్కున్నప్పుడల్లా ఎవరికీ చెప్పాపెట్టకుండా ఆ మీట వేసేది, చూసేవాళ్ళ సౌకర్యం కోసం. సూది తీసినా ఆ మీట వేసినట్టే ఉంటుంది, బ్యాటరీ తీస్తేనే మళ్ళీ మొదటికొస్తుంది. చిట్టి కట్టుకున్న కొత్త డీబగ్గర్ ఆ మీట జోలికే పోలేదు. బిళ్ళ బ్యాటరీ ఆదా కోసం ఊపిరికీ ఊపిరికీ మధ్య కునుకు తీస్తుంది. ఆ కునుకులోంచి లేపాల్సిన గడియారాన్ని ముందుగా తిప్పి పెట్టడం పెద్దాయన మర్చిపోయాడు. మీట వేయని చిప్పు కునుకు తీసిందంటే ఇక లేవదు. మీట వేసి ఉన్నన్నాళ్ళూ ఆ మరుపు ఎవరికీ తెలియలేదు. ఈ ల్యాబ్‌లో సూది లేని బిళ్ళని చూసినవాళ్ళే లేరు మరి.

"నేనే కదూ తీయొద్దన్నాను" అన్నాడు పెద్దాయన. కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. "ఫ్యాక్టరీలో పాత డీబగ్గర్‌తోనే ప్రోగ్రాం ఎక్కించాం. ఆ బ్యాటరీ తీయకుండానే ఇళ్ళకి పంపాం. అంటే ఇంకా మీట వేసే ఉంటుంది. ఇంకా మోగుతాయి. కదా తల్లీ?"

"మోగుతాయి సార్. బ్యాటరీ తీయనంతవరకు."

చిట్టి గుండె మీద చెయ్యేసుకుని ఊపిరి పీల్చుకుంది. గండం తప్పింది అనుకుంది. ముందు అక్కకి ఫోన్ చేసింది, ఎత్తలేదు. బావకి చేసింది.

"ఏం మరదలు పిల్లా! పట్టపగలు గుర్తొచ్చాం, సూర్యుడు ఎటు పొడిచాడు?"

"బావా, ఒక్క మాట. ఆ బిళ్ళ బ్యాటరీ మాత్రం ముట్టుకోకండి. నేను సాయంత్రం వచ్చి బిళ్ళే మార్చేస్తాను."

"అయ్యో, నిన్ననే కొత్తది వేశానే! పాతది అయిపోయిందని ఎర్ర లైటు వెలిగింది. బావకి పనులు చేతకావనుకుంటున్నావా?" బావ నవ్వాడు. "అబ్బ, అప్పట్నుంచి ఎంత ప్రశాంతమో! ఒక్కసారీ మోగలేదు. పాప కుదుటపడినట్టుంది, నువ్వూ కాస్త కన్ను మూయవే అని మీ అక్కకి గట్టిగా చెప్పాను. ఇప్పుడు తల్లీకూతుళ్ళిద్దరూ పడుకునే ఉంటారు. నేను కొట్లో ఉన్నాను. ఏం? ఏమైంది?"

చిట్టి కుర్చీలోంచి లేచిపోయింది. ఏం చెప్పిందో, చెప్పిందో లేదో కూడా తెలియదు. పెద్దాయన అప్పటికే కారు తాళాలు అందుకున్నాడు. దారి పొడుగునా చిట్టి అక్క ఫోన్‌కి కొడుతూనే ఉంది. పాప లేస్తుందని అక్క ఆ ఫోన్ నోరు నొక్కేసి ఉంటుంది. ఎర్ర లైటు దగ్గర కారు ఆగితే, చిట్టి ఆ లైటుని నోటికొచ్చినట్టు తిట్టింది.

తలుపు రెండు చేతులతో బాదింది. లోపల అలికిడి లేదు. మళ్ళీ బాదింది. గడియ చప్పుడైంది. అక్క జుట్టు చెదిరి, చెంప మీద దిండు ముడతలతో నిలబడి ఉంది.

"ఏమిటే ఆ బాదడం? ఇప్పుడే కాస్త—"

చిట్టి ఆమెని తోసుకుని గదిలోకి పరుగెత్తింది. ఉయ్యాల్లో పాప వెల్లకిలా ఉంది. పొట్ట మీద ఆకుపచ్చ లైటు వెలుగుతోంది. చిట్టి పాప పొట్ట మీద చెయ్యి పెట్టింది. తన చెయ్యే అదురుతుంటే కింద ఏం కదులుతోందో ఎలా తెలుస్తుంది? అరికాలి మీద తట్టింది. ఇంకా గట్టిగా తట్టింది. పాప మొహమంతా ముడిచి, ఎర్రగా కందిపోయి, కెవ్వున ఏడ్చింది.

చిట్టి ఉయ్యాల చట్రం పట్టుకుని నేల మీద చతికిలబడింది. వెక్కి వెక్కి ఏడ్చింది. పాపా పిన్నీ పోటీలు పడ్డారు.

"నీకేమైనా పిచ్చి పట్టిందా? బంగారంలాంటి నిద్ర పాడుచేశావు!" అని అక్క పాపని ఎత్తుకుంది. గుమ్మం దగ్గర పెద్దాయనని చూసి కొంగు సర్దుకుంది. ఆయన చేతులు కట్టుకుని, దోషిలా నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పాడు. తప్పు తనదేనన్నాడు. బ్యాటరీ మార్చిన దగ్గర్నుంచి ఆ బిళ్ళ ఉత్త బొత్తామేనమ్మా అన్నాడు.

అక్క పాప పొట్ట మీది బిళ్ళ తీసి బల్ల మీద పెట్టింది. లైటు వెలుగుతూనే ఉంది. దానివైపు అలాగే చూసింది.

"నిన్నట్నుంచి నేను పడుకున్నానే చిట్టీ" అంది. "ఒళ్ళెరగకుండా పడుకున్నాను."

అక్క పాపని భుజానేసుకుని వీపు నిమురుతూ ఉంది. ఉన్నట్టుండి ఆ చెయ్యి ఆగింది.

"మిగతా వాళ్ళకి చెప్పారా?"

చిట్టి పెద్దాయనని చూసింది. పెద్దాయన చిట్టిని చూశాడు. మనవాళ్ళు అనేసరికి ఇద్దరికీ బుర్ర ఆ ఒక్క ఇంటి దగ్గరే ఆగిపోయింది. అంత దూరం కారులో వచ్చారు, ఒక్కరికీ ఆ ఊసే తట్టలేదు. చిట్టి సిగ్గుతో చచ్చిపోయింది.

పెద్దాయన తడబడుతూ ఫోన్ తీశాడు. మొదటి నంబరు నొక్కి స్పీకర్ పెట్టాడు. అటువైపు ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"అమ్మా, బిళ్ళ కంపెనీ నుంచి. మీరు బ్యాటరీ గానీ మార్చారా?"

"మార్చామండీ, మొన్ననే." ఆ గొంతు గుసగుసలాడుతోంది. "కాస్త మెల్లిగా మాట్లాడతారా? బాబు నిద్రపోతున్నాడు."

"లేపండమ్మా!" పెద్దాయన కేకేశాడు. "ముందు లేపండి!"

ఫోన్ ఎక్కడో దబ్బున పడింది. అడుగుల చప్పుడు దూరమైంది. ఏదో తలుపు తెరుచుకుంది. ఆ తర్వాత ఏమీ లేదు. ముగ్గురూ ఊపిరి బిగబట్టి ఆ ఫోన్‌నే చూస్తున్నారు. చాలాసేపటికి ఫోన్‌లోంచి సన్నగా, కోపంగా, ఒక పసివాడి ఏడుపు వినిపించింది.

పెద్దాయన గోడకి జారబడి కూర్చుండిపోయాడు. తర్వాతి నంబరు నొక్కబోతే వేళ్ళు తెర మీద నిలవలేదు. అక్క పాపని ఎడమ భుజం మీదికి మార్చుకుని, ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కుంది. ఆ నంబరు తనే నొక్కింది. అటువైపు "హలో" అనగానే మొదలుపెట్టింది.

"అమ్మా, నేనూ ఇంట్లో ఆ బిళ్ళ ఉన్న తల్లినే. నేనెవరు, ఏమిటి అని తర్వాత అడుగుదువు గానీ. ముందు వెళ్ళి బిడ్డని లేపు."