చప్పుడు లేని కెమెరా

ఏలూరు పవర్‌పేటలోని యూసుఫ్ గారి స్టూడియోకి పెళ్ళి బేరం వచ్చిందంటే, ఆయన మొదట చేసే పని కెమెరా తీసి బల్ల మీద పెట్టడం. పెద్ద డీఎస్ఎల్ఆర్, మోచేతంత లెన్సు, పైన ఫ్లాష్. దాన్ని చూడగానే పెళ్ళివారు సర్దుకుని కూర్చునేవారు. ఫోటోగ్రాఫరుకి సగం మర్యాద కెమెరా సైజే తెచ్చిపెడుతుందని ఆయన నమ్మకం. మిగతా సగం తన పనితనమని ఆయన అనరు, ఎదుటివాళ్ళు అనాలని చూస్తారు.

ముహూర్తాలు దగ్గరపడుతుండగా ఆ కెమెరా మొరాయించింది. షట్టరు అరిగిపోయింది, ఇక నమ్మడానికి లేదని మెకానిక్ తేల్చేశాడు. స్టూడియోకి ఉన్నది అదొక్కటే. కొత్తది తప్పుగా ఎంచుకుంటే పెళ్ళిళ్ళన్నీ పక్క వీధి స్టూడియోకి పోతాయి. యూసుఫ్ గారు మళ్ళీ పెద్ద డీఎస్ఎల్ఆరే కొందామన్నారు. కూతురు నజ్మా మాత్రం విజయవాడ నుంచి ఒక చిన్న మిర్రర్‌లెస్ కెమెరా అద్దెకి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, సబ్బుపెట్టెలా ఉందన్నారు.

నజ్మా నాలుగేళ్ళుగా ఆయనతో పెళ్ళిళ్ళకి తిరుగుతోంది. తండ్రి సంగతి తెలిసిన పిల్ల కనుక కోప్పడకుండా చెప్పింది. పెద్ద కెమెరాలో లెన్సు వెనక అద్దం ఉంటుంది, ఫోటో తీసినప్పుడల్లా అది లేచి పడుతుంది, ఆ టప్ మనే చప్పుడు చాలావరకు దానిదే. ఇందులో ఆ అద్దమే లేదు. అందుకే ఇంత చిన్నది. కావాలంటే బొత్తిగా చప్పుడు లేకుండా తీయొచ్చు. ఒక రింగు తగిలిస్తే మన పాత లెన్సులూ పనికొస్తాయి, మీ భుజం నొప్పీ తగ్గుతుంది. బ్యాటరీ త్వరగా అయిపోతుందని కూడా దాచకుండా చెప్పింది. యూసుఫ్ గారు ఆ ఒక్క మాటే పట్టుకున్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషాయన. పిట్ట కొంచెం కూత ఘనం అంటారు గానీ నీ పిట్టకి కూత కూడా లేదే అని ఎగతాళి చేశారు.

మర్నాడు కొల్లేటి లంకల నుంచి హరీష్ వచ్చాడు. చేపల చెరువులు చూసుకునే మనిషి. వాళ్ళమ్మ ముత్యాలమ్మకి మళ్ళీ ఫోటో కావాలట. ఆ 'మళ్ళీ' వినగానే యూసుఫ్ గారి ముఖం మాడిపోయింది. ఏళ్ళ తరబడి ఆవిడని తీస్తున్నారు, ఒక్కదాన్లోనూ కళ్ళు తెరిచి లేవు. ఫ్లాష్ ఆపినా అంతే. ముత్యాలమ్మ వయసంతా చెరువుగట్ల మీద పిట్టల కాపలాలో గడిచింది. చేపల మీద వాలే కొంగల్నీ నీటికాకుల్నీ టపాకాయలు పేల్చి తోలేది. టప్ మంటే చాలు, కళ్ళు వాటంతటవే మూసుకుంటాయి. పోనీ ఫోన్లో తీద్దామంటే, ఫోన్ ఫోటో ఊరంతా తిరుగుతుందని దగ్గరికే రానివ్వదు.

యూసుఫ్ గారికి ఇది మంచి అదను అనిపించింది. ఆవిడ కళ్ళు తెరిచి ఉన్న ఫోటో తీస్తే నీ సబ్బుపెట్టె కొందాం, లేదంటే దాని ఊసెత్తకు అని కూతురితో పందెం వేసుకున్నారు.

సాయంత్రం లంకలో, ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలో ముత్యాలమ్మ బిగుసుకుని కూర్చుంది.

"ఈసారన్నా సరిగ్గా తియ్యండి బాబూ. పోయాక గోడ మీద కూడా నిద్రపోతున్నట్టుంటే మనవలు నాతో ఏం మాట్లాడతారండీ?"

నవ్వుతూనే అంది. అయినా యూసుఫ్ గారికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఇన్నేళ్ళూ కళ్ళు మూసుకోవడం ఆవిడ తప్పన్నట్టే చూశారు తను.

నజ్మా కెమెరా ఎత్తింది. ముత్యాలమ్మ చప్పుడు కోసం ఎదురుచూస్తూ కళ్ళు చిట్లించింది. చప్పుడు రాలేదు. కాసేపటికి విసుగొచ్చి, ఇంత చిన్నది ఇచ్చి పిల్ల చేత తీయిస్తే ఎలాగండీ అని యూసుఫ్ గారిని గదమాయించడం మొదలుపెట్టింది. ఇంకా తీయవేమని నజ్మా మీదకి తిరిగింది.

"తీసేశానండి మామ్మగారూ," అంది నజ్మా.

కెమెరా వెనక తెరలో ముత్యాలమ్మ గదమాయిస్తోంది. రెండు కళ్ళూ నిండుగా తెరిచి, కొల్లేటి వెలుగంతా వాటిలో పెట్టుకుని. యూసుఫ్ గారు తెర మీదకి వంగి చూశారు. ఎంత చక్కని ముఖం! ఇన్నాళ్ళూ ఎదురుగా ఉన్నా తనకి దొరకలేదు. కూతురిని చూస్తే ఆయనకి గర్వంగా ఉంది, కొంచెం సిగ్గుగానూ ఉంది.

ముత్యాలమ్మ తెరని చాలాసేపు చూసింది. తర్వాత కొంగుతో దాన్ని మెల్లగా తుడిచింది.

"ఇది మా అమ్మండీ," అంది. "మమ్మల్ని కేకలేసేటప్పుడు అచ్చం ఇలాగే చూసేది. ఆవిడకి ఒక్క ఫోటో కూడా లేదు. ముఖం మర్చిపోయాననుకున్నాను."

అద్దంలో రోజూ చూసుకుంటావు కదమ్మా అన్నాడు హరీష్. అద్దంలో జుట్టు చూసుకుంటాం గానీ, మనల్ని మనం తిట్టుకుంటామా అంది ఆవిడ. తెర మీద నుంచి చూపు తిప్పలేదు.

"ఇంకోటి తియ్యండి బాబూ. నవ్వుతాను. మా అమ్మ నవ్వితే ఎలా ఉండేదో చూడాలనుంది."

అలవాటుగా కెమెరా కోసం చెయ్యి చాచిన యూసుఫ్ గారు, చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"నువ్వే తియ్యి నజ్మా," అన్నారు. "మనం కొనేది ఇదే."

ముత్యాలమ్మ కొంగు సర్దుకుని, ఎదురుగా ఎవరో కూర్చున్నట్టు నవ్వింది.