నేనే జరుగుతాను

రెబ్కా స్ట్రెచరు చక్రాలకు చుట్టుకున్న దారాలు పీకుతూ మధ్యమధ్య నడుం పట్టుకుంటోంది. బ్రాడీపేటలోని ఆ ఆసుపత్రిలో ఆయాగా చేరి పందొమ్మిదేళ్లు. ఫినాయిలుకి వేళ్లు బీటలు వారాయి.

ఆపరేషనుకు వచ్చిన లక్ష్మీదుర్గ అది చూసింది. ముప్పై ఏళ్లు, నూట ముప్పై కిలోలు. బరువు తగ్గాలని పొట్ట చిన్నది చేయించుకోవడానికి వచ్చింది.

"నన్ను ఎత్తాలంటే కష్టం కదమ్మా," అంది తల దించుకుని. "నా దగ్గర బామ్ ఉంది. గదికి వెళ్లాక ఇస్తాను."

"నువ్వేం బరువు తల్లీ! మాకిది రోజూ ఉండేదే."

థియేటర్లో మత్తు డాక్టరు క్రిస్టీనా గారు అందరికీ చెప్పారు. "ఈమెకు మార్ఫిన్ లాంటివి వాడటం లేదు. ఒళ్లున్నవాళ్లకు వాటితో ఊపిరి మందగిస్తుంది. నొప్పికి వేరే మందులిస్తున్నాం. తెలివి త్వరగా వస్తుంది."

అది తనకు చెప్పిన మాటని రెబ్కా అనుకోలేదు.

పెళ్లికి ముందు ఆమె మిరపకోతలకు వెళ్లేది. కల్లంలో టిక్కీ, అంటే నిండు మిరప బస్తా, ఎత్తాలంటే ఎవరో ఒకరు ఎకసెక్కం ఆడాల్సిందే. నవ్వితేగానీ బరువు లేవదు. ఆ అలవాటు ఆసుపత్రికీ వచ్చింది. ఆపరేషనయ్యాక మనుషులు మగతలో ఉంటారు. పందొమ్మిదేళ్లలో ఒక్కరూ విన్నది లేదు.

ఆపరేషను ముగిసి స్ట్రెచరు మీదికి మార్చేటప్పుడు, "పట్టరా ప్రభూ!" అంది తోటి వార్డుబాయ్‌తో. "మూడు టిక్కీలు ఒకే గోతంలో కుక్కారు. మిర్చి యార్డులో మూటలు మోసే మీ నాన్నయితే మూడు కూలీలు అడిగేవాడు!"

ప్రభు కిసుక్కున నవ్వాడు.

లక్ష్మీదుర్గ కళ్లు తెరిచే ఉన్నాయి. వాటిలో మగత లేదు.

"ఉండండి," అంది బొంగురుగా. "నేనే జరుగుతాను."

పొట్ట మీద కొత్త కుట్లను ఒక చేత్తో అదిమిపట్టి, మోచేతి మీద ఆని, కొంచెం కొంచెంగా స్ట్రెచరు మీదికి జరిగింది. రెబ్కా చేతులు గాలిలోనే ఉండిపోయాయి. ముఖానికి కారం పూసినట్టు మండింది.

తప్పయిందని చెప్పాలి. ప్రతి ఆదివారం చర్చిలో మోకరించి దేవుణ్ని క్షమించమనే మనిషి, లక్ష్మీదుర్గ గది తలుపు మాత్రం నెట్టలేకపోయింది. రెండు రోజులు పై అంతస్తు పని తోటి ఆయా నస్రత్‌కి అప్పగించింది.

మూడో రోజు లక్ష్మీదుర్గ మెల్లగా మెట్లు దిగుతుంటే రెబ్కా దుప్పట్ల గదిలో తలుపు చాటున నిలబడింది. బయట ఆటో కదిలిన చప్పుడు విన్నాకే ఊపిరి వదిలింది.

పక్క దులపడానికి పైకి వెళ్లింది. దిండు పక్కన మందుల చీటీ ముక్క ఉంది. 'నడుం నొప్పి ఆయమ్మకి' అని రాసి ఉంది. దాని మీద, ఎగిరిపోకుండా, సగం వాడిన బామ్ సీసా.