గుప్పెడు బియ్యం, కాస్త ఇడ్లీ రవ్వ

ఆ ఊరి లూథరన్ సంఘంలో వీరమ్మగారికి ‘కుదరదండీ’ అని చెప్పిన ఆడమనిషి ఇంతవరకూ లేదు. ఇరవై రెండేళ్ళుగా స్త్రీల సమాజానికి ఆవిడే ప్రెసిడెంటు. అందుకే ఆవిడ గుడి గేటు దగ్గర ఆపి, “కోతపండుగనాడు సాక్ష్యం నువ్వే చెప్పాలి ఆశాజ్యోతీ” అనేసరికి, ఆశాజ్యోతి నోరు “అలాగేనండీ” అనేసింది. ఇంటికి వెళ్ళేదాకా ఆ నోటిని తిట్టుకుంటూనే ఉంది.

సాక్ష్యమంటే ఈ ఏడాది దేవుడు నాకేం చేశాడో నలుగురి ముందూ చెప్పడం. ఆశాజ్యోతికి నలుగురిలో మాట్లాడ్డం కొత్త కాదు. నలభై నాలుగేళ్ళ మనిషి, హైస్కూల్లో లెక్కల టీచరు. చిక్కల్లా ఏమిటంటే, ఏడాదిగా ఆమెకూ దేవుడికీ మాటల్లేవు. పోనీ పోట్లాటా అంటే అదీ లేదు. పోట్లాటుంటే కొంత నయం, రాజీ పడొచ్చు.

పెద్ద కష్టమేమన్నా వచ్చిందా అంటే అదీ కాదు. భర్త సుకుమార్ ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసు గుమాస్తా, నెమ్మదైన మనిషి. అత్తగారు జ్ఞానమ్మకు షుగరు తప్ప వేరే జబ్బు లేదు. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ పొద్దున్నే మోకరిస్తే, వందసార్లు అన్న మాటలే వాటంతటవే వచ్చేసేవి. మధ్యలో మోటారు కట్టేశానా లేదా అని అనుమానం వచ్చేది. గబగబా ఆమెన్ అనేసి వెళ్ళి చూస్తే మోటారు కట్టేసే ఉండేది.

వేసవిలో కాలువలు కట్టేయగానే పాస్టరుగారు ఏటా చేసే ఎండిన కాలువ ప్రసంగం ఈసారీ చేశారు. జూన్‌లో నీళ్ళు వదుల్తారు, అప్పుడు మీ ఆత్మలూ నిండుతాయన్నారు. జూన్‌లో నీళ్ళు వదిలారు. కాలువ నిండింది. సార్వా పంట ఊడ్చారు, కోశారు, నూర్చారు కూడా. ఆశాజ్యోతి సంగతి మాత్రం ఏ ఇంజనీరూ పట్టించుకోలేదు.

వాళ్ళ సంఘంలో ఆడవాళ్ళకి ముత్తవ్వల నాటి అలవాటొకటుంది. అన్నానికి బియ్యం కొలిచినప్పుడల్లా అందులోంచి గుప్పెడు తీసి విడిగా దేవుని డబ్బాలో పోస్తారు. నెలాఖరు ఆదివారం ఆ డబ్బాలన్నీ గుళ్ళో బలిపీఠం ముందున్న గంపలో ఒంపుతారు. ఈసారి నెలాఖరు ఆదివారమే కోతపండుగ పడింది. సాక్ష్యం చెప్పే మనిషి చేతిలో డబ్బాతోనే నిలబడి చెప్పి, అందరికంటే ముందు తన బియ్యం ఒంపాలి.

ఆశాజ్యోతి ఈ నెల ఒకటో తారీఖున గుప్పెడు తియ్యడం మానేసింది. బళ్ళో పక్కవాడి పుస్తకంలో చూసి రాసిన లెక్కకి ఆమె సున్నా వేస్తుంది, జవాబు సరిగ్గా ఉన్నా సరే. మనసులో ఏమీ లేకుండా అలవాటు కొద్దీ పోసే గుప్పెడు కూడా చూసి రాసిన లెక్కేనని ఆమెకు తోచింది. దేవుడికి దొంగ లెక్క చూపించడం కంటే సున్నా మేలనుకుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎవరూ గమనించలేదనే అనుకుంది.

శనివారం సాయంత్రం బడి నుంచి వచ్చింది. తెల్లవారితే పండుగ. ఖాళీ డబ్బాతో గుళ్ళో నిలబడితే అత్తగారి తల తీసేసినట్టే. స్త్రీల సమాజాన్ని మొదలుపెట్టిన నలుగురిలో జ్ఞానమ్మ ఒకరు. చివరికి టీచరుగారు కాపీ కొట్టడానికే నిశ్చయించుకుంది. బస్తాలోంచి నాలుగు గ్లాసులు డబ్బాలో పోసేస్తే ఎవరికి తెలుస్తుంది? ఎవరూ చూడకుండా వంటింట్లోకి వెళ్ళి, పై అరలోంచి దేవుని డబ్బా అందుకోబోయింది.

డబ్బా కదల్లేదు. రెండు చేతులతో పట్టి దించాల్సి వచ్చింది. మూత లాగితే, అది పాత స్టీలు మూత, టంగుమంది. లోపల అంచుదాకా బియ్యం.

ఆశాజ్యోతి చేట తెచ్చి కాస్త ఒంపి చూసింది. ఇంట్లో వండే తెల్లటి సన్నబియ్యం కావవి. ఎర్రటి దంపుడు బియ్యం. షుగరు కోసం అత్తగారు తన గిన్నెలో తనే వేరుగా వండుకునే బియ్యం. వాటి సందుల్లోంచి తెల్లగా ఏదో జారింది. వేలితో నలిపి చూస్తే ఇడ్లీ రవ్వ.

చేట పట్టుకుని అరుగు మీదికి వచ్చింది. జ్ఞానమ్మ గోరుచిక్కుళ్ళు తుంపుతోంది.

“అత్తయ్యా, దేవుని డబ్బాలోకి దంపుడు బియ్యం ఎలా వచ్చాయండీ?”

“కాళ్ళొచ్చి నడిచెళ్ళుంటాయి.”

“చెప్పండి అత్తయ్యా.”

“నేనే పోశానమ్మాయ్. నువ్వు పొయ్యట్లేదు కదా.”

ఆశాజ్యోతి మొహం ఎర్రబడింది. “మీకెలా తెలిసిందండీ?”

“ఇరవయ్యేళ్ళుగా పొద్దున్నే ఆ మూత టంగుమంటేనే కదే నాకు మెలకువొచ్చేది! ఈ నెలంతా టంగు లేదు. నేను ఏడింటిదాకా పడుకుంటన్నాను, చూళ్ళేదా?”

“మరి నన్ను అడగలేదేంటండీ?”

“ఏవని అడగను?” జ్ఞానమ్మ చిక్కుడుకాయ పక్కన పెట్టింది. “నాకూ వచ్చిందమ్మా ఈ రోగం. మీ ఆయన హైస్కూల్లో చదువుతున్నప్పుడు, రెండేళ్ళు. నోరు తెరిస్తే అరగంట ప్రార్థన, లోపలంతా ఊక. అప్పుడెవరైనా నీ సంగతేంటమ్మా అని నిలదీసుంటే మళ్ళీ గుడి మొహం చూసేదాన్ని కాదు.”

అరగంట ప్రార్థనకు ఊరంతా పేరున్న జ్ఞానమ్మ! ఆశాజ్యోతి అక్కడే కూలబడింది. “అప్పుడు మీ డబ్బాలో ఎవరు పోశారండీ?”

“ఇంకెవరు, మీ మావయ్యగారు. వంటింట్లో మీకేం పనండీ అంటే అగ్గిపెట్టె కోసం అనేవారు. బీడీలు మానేసిన ఏడాదికి కూడా ఆయనకి అగ్గిపెట్టె కావలసొచ్చేది.” ముసలావిడ కళ్ళు నవ్వాయి.

“మరి ఇడ్లీ రవ్వండీ?”

“రవ్వేంటి?” ఈసారి తెల్లబోవడం జ్ఞానమ్మ వంతైంది.

సరిగ్గా అప్పుడే సుకుమార్ బండి స్టాండేసి లోపలికొచ్చాడు. చేటలో రవ్వ కనబడింది. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అడక్కముందే “నేను కాదు” అన్నాడు.

అత్తాకోడళ్ళిద్దరూ అతన్ని చూస్తూ కూర్చున్నారు. అతను కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

“నువ్వు పొయ్యట్లేదని తెలిసింది. పొద్దున్నే నువ్వు స్నానానికెళ్ళినప్పుడు, మూత టంగుమనకుండా తువ్వాలు అడ్డం పెట్టి నేను పోస్తన్నాను. కింద అరలో తెల్ల డబ్బాలోంచి.”

“అది ఇడ్లీ రవ్వండీ!”

“బియ్యం నూకలనుకున్నాను. తెల్లగానే ఉంది కదా! కళ్ళజోడు పెట్టుకుంటే నువ్వు అనుమానపడతావని పెట్టుకోలేదు.”

“ఈ నెల్లో రెండుసార్లు తెప్పించానండీ రవ్వ. ఇంట్లో ఇడ్లీలేమో ఒక్కసారే వేశాను. ఎలకలు తింటున్నాయనుకుని బోను కూడా పెట్టాను!”

“ఆ బోనులో నా వేలు పడింది” అన్నాడు సుకుమార్, కట్టు కట్టిన బొటనవేలు చూపిస్తూ. ఆఫీసులో బీరువా తలుపు పడిందని చెప్పిన వేలు అది.

ఆశాజ్యోతికి నవ్వొచ్చింది. చిన్న నవ్వు కాదు. పొట్ట పట్టుకుని అరుగు మీద ఒక పక్కకి ఒరిగిపోయి నవ్వింది. తల్లికి తెలియకుండా కొడుకు, కొడుక్కి తెలియకుండా తల్లి, ఇద్దరూ తనకు తెలియకుండా నెలంతా దొంగతనంగా దేవుడికి పోశారు. ఏడాదిగా ఇంత సంతోషంగా ఆమె ఒక్క పూటా లేదు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

“రవ్వ జల్లించెయ్యవే, గుళ్ళో నవ్వుతారు” అంది జ్ఞానమ్మ.

“ఉండనివ్వండి అత్తయ్యా. ఆయన కానుక ఆయనది.”

“రేపు ఏం చెబుతావు మరి?” సుకుమార్ భయంభయంగా అడిగాడు.

“ఉన్నది ఉన్నట్టు చెబుతానండీ.”

“ఎలకల బోను కూడానా?”

ఎలకల బోను కూడా చెప్పింది. అరటిగెలలు, కొబ్బరిబొండాలు, వరికంకుల గుత్తులు కట్టిన బలిపీఠం ముందు డబ్బా పట్టుకుని నిలబడి, “వందనాలండీ. ఈ డబ్బాలో నా గుప్పెడు ఒక్కటి కూడా లేదండీ” అని మొదలుపెట్టింది. ముందు వరసలో వీరమ్మగారి మొహం బిగుసుకుంది. మోటారు సంగతి, చూసి రాసిన లెక్క సంగతి, బస్తాలోంచి కాపీ కొట్టబోయిన సంగతి అన్నీ చెప్పింది. ఇడ్లీ రవ్వ దగ్గరికి వచ్చేసరికి వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. బోను దగ్గరికి వచ్చేసరికి పాస్టరుగారే జేబురుమాలు అడ్డం పెట్టుకున్నారు. సుకుమార్ పాటల పుస్తకంలో తల దూర్చేశాడు.

“నాకింకా ప్రార్థన రావట్లేదండీ. వచ్చాక చెబుతాను. ఈలోగా మా ఇంట్లోవాళ్ళు నా బదులు పోస్తున్నారు. ఈ ఏడాది దేవుడు నాకు చేసింది ఇదేనండీ” అని, డబ్బా గంపలో ఒంపేసింది. ఎర్రటి బియ్యం మీద తెల్లటి రవ్వ పొగలా లేచింది.

ఆరాధనయ్యాక ప్రేమవిందు భోజనాల్లో విస్తరి ముందు కూర్చుందో లేదో, వీరమ్మగారు వచ్చి పక్కన నిలబడింది. అక్షింతలకి సిద్ధపడి ఆశాజ్యోతి లేచి నిలబడింది.

వీరమ్మగారు అటూ ఇటూ చూసింది. “రేపు బడి నుంచి వచ్చేటప్పుడు మా ఇంటి మీదుగా వస్తావా అమ్మా?”

“వస్తానండీ. ఏమైనా పనుందా?”

“మా డబ్బా…” ప్రెసిడెంటుగారు కొంగు చివర మెలిపెట్టింది. “రెండేళ్ళయిందమ్మా. నెలాఖరు శనివారం కొట్లోంచి తెప్పించి నింపేస్తన్నాను. ఇంట్లో పొయ్యడానికి నాకెవరూ లేరు కదా. ఎవరితో అనకే.”

ఆశాజ్యోతి ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది. అన్నం గరిటెతో వచ్చిన మనిషి వెళ్ళేదాకా వదల్లేదు.

సోమవారం పొద్దున్న బియ్యం కొలిచి, గుప్పెడు తీసింది. దేవుని డబ్బా వైపు వెళ్ళలేదు. పాత పేపరు ముక్కలో పోసి పొట్లం కట్టి, తన టిఫిను సంచిలో పెట్టుకుంది.

“అమ్మాయ్!” పడగ్గదిలోంచి జ్ఞానమ్మ కేకేసింది. “నువ్వు బియ్యం కొలవడం వినబడింది. టంగేదీ?”

“ఈ గుప్పెడు వేరేవాళ్ళదండీ అత్తయ్యా!”

ఎవరిదని జ్ఞానమ్మ అడగలేదు. మెల్లగా లేచి వచ్చి, తన దంపుడు బియ్యంలోంచి గుప్పెడు తీసింది. “సరే, మనది నేను పోస్తాలే, నువ్వెళ్ళు. ఆటో వచ్చేసుంటది.”

షేరాటో కాలువ గట్టు ఎక్కాక ఆశాజ్యోతి సంచి ఒళ్ళో సర్దుకుంది. పొట్లం చేతికి తగిలింది. అప్పుడు గుర్తొచ్చింది. పొట్లానికి దారం చుడుతూ తను ఏదో గొణిగింది. ‘వీరమ్మగారికి, ప్రభువా’ అంది. అంతే, రెండే మాటలు. మోటారు గుర్తు రాలేదు. ఏడాది తర్వాత చేసిన మొదటి ప్రార్థన, చేసినట్టు తనకే తెలియకుండా జరిగిపోయింది.

ఆటోలో అందరి ముందూ పైకే నవ్వేసింది. పక్కన కూర్చున్నావిడ “ఏంటండీ టీచరుగారూ, అంత సంతోషం?” అని అడిగింది.

“మా ఇంట్లో ఇక ఇడ్లీ రవ్వ మిగులుతుందండీ” అంది ఆశాజ్యోతి.