ఖాళీ క్యారేజీ చప్పుడు

నేను ఒక మూడు గిన్నెల స్టీలు క్యారేజీని. నా మూత తీసి లోపల ఏముందోనని తొంగిచూడని మనిషిని ఇంతవరకూ ఎరగను. అందుకే కాబోలు, నాకూ మనుషులంటే అనుమానమే.

నన్ను రేకు నుంచి గిన్నెగా నొక్కి మెరుగు పెట్టిన చేతులెవరివో గుర్తులేదు. అనకాపల్లి గిన్నెల కొట్టులో నన్ను కొన్న పెద్దాయన మాత్రం గుర్తున్నాడు. గోటితో మీటి, తిరగేసి, అసలు స్టీలేనా అని కొట్టువాణ్ణి నిలదీశాడు. నా మీద కూతురు నూకరత్నం పేరు కొట్టించి సారెలో పెట్టాడు. ఆమె భర్త సన్యాసిరావు లారీ డ్రైవరు. అలా నేను లారీ ఎక్కాను.

అక్కడే నా అనుమానం ముదిరింది. తిండీ నిద్రా లేకుండా ఈ మనిషి ఎలా నడుపుతున్నాడా అని చూస్తే, పై గిన్నెలో ఆవకాయ పక్కన కాగితం పొట్లం దాచాడు. నిద్ర రానివ్వని బిళ్ళలు. వేసుకుంటే పాటలు, హుషారు. కొన్నాళ్ళకు ఒకటి చాలలేదు. ఆఖరికి, లేని మనుషులు రోడ్డు దాటుతున్నారని బండిని కాలవలోకి దించాడు. ప్రాణం దక్కింది. నూకరత్నం అతణ్ణి మత్తు మాన్పించే వార్డులో చేర్పించి, చిన్న కూతుర్ని తండ్రి దగ్గర వదిలి, రోజూ నాలో అన్నం తెచ్చేది.

వార్డు గేటు దగ్గర అసిరయ్య కాపలా. లోపలికి బిళ్ళలు పోకుండా అన్నంలో గరిటె కాడ దూర్చి కెలికేవాడు, పప్పు కలిపి చూసేవాడు. బయటికి వచ్చేటప్పుడు మాత్రం నావైపు కన్నెత్తేవాడు కాదు. ప్రమాదం ఎప్పుడూ బయటినుంచే వస్తుందని మనుషుల నమ్మకం.

మొదట్లో సన్యాసిరావుకు ఒకటే నిద్ర, ఒకటే తిండి. తేరుకున్నాడన్నారంతా. తర్వాత అన్నం ముట్టడం మానేశాడు. పక్క మంచం అతనికి పెట్టేసి, నన్ను తళతళా కడిగి భార్య చేతికిచ్చేవాడు. ఖాళీ గిన్నెలు చూసి ఆమె మురిసిపోయేది. నాకు ఒళ్ళు మండేది. కడుపునిండా తిన్న మగవాడు గిన్నె కడగడం నేనెక్కడా చూడలేదు!

ఒక మధ్యాహ్నం తన వెండి మొలతాడు విప్పి, నా అడుగు గిన్నెలో పెట్టి మూసేశాడు. మా వైపు మగవాడు మొలతాడు లేకుండా ఉండడు. పోయినవాళ్ళకే తీస్తారు. నాకు భయమేసింది. నూకరత్నం నడుస్తుంటే నాలో అది గలగలమంది.

అసిరయ్య చెవులు రిక్కించాడు. "కాళీ క్యారేజీ సప్పుడెందుకు సేస్తాదమ్మా? ఇప్పు."

మొలతాడు చూసి, "ఎండి అమ్మి బిళ్లలు తెమ్మన్నాడేటి?" అన్నాడు. ఆమె మొహం పాలిపోయింది. నన్ను పట్టుకుని వెనక్కి పరుగెత్తింది.

"మల్లీ ఆ బిళ్లల కోసవేనేటయ్యా? పిల్లదాని మొకమైనా సూడవేటి?"

అతను గోడవైపు తిరిగాడు. "నాకేటీ వొద్దే. అది పిల్ల కోసం దాసిపెట్టు."

కేకలు విని వచ్చిన డాక్టరు సుభాషిణి మంచం మీద కూర్చుని సూటిగా అడిగింది. "చచ్చిపోవాలనిపిస్తోందా, సన్యాసిరావు గారూ?"

గోడవైపు చూస్తూనే, "అవునమ్మా" అన్నాడు.

"ఇది నాటకం కాదు, సోమరితనం కాదు," అని డాక్టరు నూకరత్నానికి చెప్పింది. "మెదడులో డోపమైన్ అనే రసాయనం ఉంటుంది. హుషారు, ఏదైనా చేయాలన్న కోరిక దానితో ముడిపడి ఉంటాయి. ఆ బిళ్ళలు దాన్ని ఒక్కసారిగా కుమ్మరించేస్తాయి. మెదడు వాటికి అలవాటుపడిపోతుంది. బోరును ఆపకుండా తోడితే ఊట అడుగంటినట్టే. బిళ్ళ మానేశాక కొన్నాళ్ళు దేనిమీదా సంతోషం పుట్టదు. కొందరికి అది దిగులు జబ్బుగా ముదురుతుంది. మేం గేటు కాశాం గానీ మనిషిని చూడలేదమ్మా. దీనికి వైద్యం ఉంది, టైం పడుతుంది. ఒంటరిగా మాత్రం వదలొద్దు."

నూకరత్నం నాలోంచి మొలతాడు తీసింది. అతణ్ణి తనవైపు తిప్పుకుని, తన చేత్తోనే మళ్ళీ కట్టింది.

ఆ రోజునుంచి, పొద్దున్నే ఇంటికెళ్ళి వండి తేవడానికి తప్ప, ఆమె వార్డు కదల్లేదు. మందులు మొదలయ్యాయి, డాక్టరు రోజూ వచ్చి మాట్లాడేది. ఆమె కలిపి పెడితే అతను మింగేవాడు. డాక్టరు కోసం నవ్వేవాడు కూడా. ఆ ముద్దలనూ ఆ నవ్వులనూ నేను ఒక్కరోజూ నమ్మలేదు.

వేసవి ముదిరాక ఒకనాడు చింతచిగురు పప్పు తెచ్చాను. రెండు ముద్దలు నమిలి మొహం చిట్లించాడు.

"ఇందల ఉప్పేదే? నోట్లో ఎట్టలేకపోతన్నాను."

వంటకు వంక పెట్టిన మొగుణ్ణి చూసి అంతగా పొంగిపోయిన ఇల్లాలిని నేనెన్నడూ చూడలేదు. నూకరత్నం ఉప్పు తెస్తానని లేచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఏడుస్తూ నవ్వుతూ అక్కడే నిలబడిపోయింది.