నాన్న వాచీ వయసు

పోయేముందు నాన్న ఆస్పత్రి మంచం మీదే చేతి వాచీ విప్పి తమ్ముడి చేతిలో పెట్టాడు. పక్కనే గ్లాసులో మందు కలుపుతున్న అక్క కళ్ళారా చూసింది. ఏళ్ళ తరబడి ఆయనకు స్నానాలు చేయించిందీ, పక్క మార్చిందీ ఆవిడ. బస్సు నడిపే తమ్ముడు అప్పుడప్పుడూ నాలుగు పళ్ళు పట్టుకొచ్చి, మంచీ చెడూ అడిగి పోయేవాడు. "చాకిరీ నాది, సోకు వాడిది" అనుకుంది.

ఆ కడుపుమంటకి ఇంకో కారణముంది. చిన్నప్పుడు నాన్న ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వాచీ చెవికి ఆనించి, "నువ్వు పుట్టిన రోజున కొన్నానే. నీదీ దీనిదీ ఒకే వయసు" అనేవాడు. తమ్ముడి దగ్గర లేనిదేదో తన దగ్గరుందని ఆ మాటతోనే ఆవిడ ఇన్నాళ్ళూ మురిసిపోయింది.

కర్మలన్నీ అయ్యాక ఇక ఉండబట్టలేక అడిగేసింది. "అదెప్పటిదో చూపిద్దాం రా. నేను పుట్టిన ఏటిదైతే నాకిచ్చెయ్యాలి."

"సరే, పద" అన్నాడు తమ్ముడు. దారిపొడుగునా వాడు టైము చూసుకున్నప్పుడల్లా ఆవిడ కళ్ళలో కారం కొట్టినట్టయింది.

వాచీలు బాగుచేసే ఆవిడ కంటికి భూతద్దం బిగించుకుని వెనక మూత తీసింది. యంత్రం మీద చెక్కిన నంబరు చదివి, ఆ కంపెనీ ఏ ఏట ఏ నంబర్లు వేసిందో ఫోనులో చూసింది. ముళ్ళ మీద చీకట్లో మెరిసే రంగునీ పరీక్షించింది.

"అరవై తొమ్మిదో సంవత్సరానిదండీ. ముందుది కానే కాదు."

"సరిగ్గా చూడండమ్మా. అరవై నాలుగయి ఉండాలి."

"డయలూ, యంత్రమూ, మూతా అన్నీ దీనివే. మార్చిన ముక్క ఒక్కటీ లేదు."

తమ్ముడి మొహం చిన్నబోయింది. "అరవై ఏడు కాదా?" అన్నాడు.

అక్క గిరుక్కున తిరిగింది. "నీకెందుకురా అరవై ఏడు?"

"నేను పుట్టిందప్పుడేగా! నీదీ దీనిదీ ఒకే వయసురా అనేవాడు నాన్న."

అంతలోనే వాడు పగలబడి నవ్వాడు. "ఇద్దరికీ టోపీ పెట్టాడే ముసలాడు!"

ఆవిడకు నవ్వు రాలేదు. వాచీ పోతే పోయింది, ఆ మాటలో కూడా వీడికి వాటా పెట్టాడా? వీడి చెవికీ అలాగే ఆనించాడా?

"నీతో ఎన్నిసార్లన్నాడు?"

"ఏమో, గుర్తులేదే. ఒకటి రెండుసార్లేమో."

ఆవిడకు ఊపిరాడింది. వెంటనే సిగ్గూ వేసింది. అరవై దాటిన మనిషి అడగాల్సిన ప్రశ్నేనా అది!

వీధిలోకొచ్చాక తమ్ముడు వాచీ విప్పాడు. "పోనీ నువ్వే ఉంచుకో అక్కా." వద్దంటుందనే అన్నాడేమో. ఆవిడ మొహమాటానికైనా వద్దనలేదు. చెయ్యి చాపి తొడిగించుకుంది. పట్టీ వదులై వాచీ చేతి మీంచి జారిపోతుంటే, రెండో చేత్తో అదిమి పట్టుకుని, వాడికంటే ముందు నడిచింది.